పెళ్ళికొడుకుని చూడ్డానికి స్టీమరెక్కాం

దుబాయ్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా కాకినాడ జగన్నాథపురంలో అందరూ నన్ను అడిగేది ఒకటే: బంగారం ఎంత తెచ్చావని. బంగారం లేదు, గింగారం లేదు. ఒక టేప్ రికార్డరు, రెండు దుప్పట్లు తెచ్చాను. మేం వెళ్ళింది పెళ్ళిచూపులకి. నవ్వకండి. పిల్లని చూడ్డానికి పెళ్ళికొడుకు రావడం లోకాచారం. మాకొచ్చిన పెళ్ళికొడుక్కి సెలవు దొరకలేదు. సెలవు దొరకనివాడికి పిల్లెందుకని నేనన్నాను. అయితే మనమే వెళ్ళి చూసొద్దామని మా ఆయనన్నారు.

మా ఆయన సూర్రావుగారు స్టీమర్ల ఇంజన్ రూముల్లో నూనె పోస్తూ వయసంతా గడిపిన మనిషి. ఇప్పుడు రిటైరయ్యారు. మాకు పెళ్ళైన కొత్తలో మా ఇంట్లో ఆయన ఉన్న రోజులకంటే చుట్టాలు ఉన్న రోజులే ఎక్కువ. మా అమ్మాయి రమణికి మూడో ఏడు నడుస్తుండగా ఆయన పెట్టెతో గుమ్మంలోకి వస్తే, "అమ్మా, ఎవరో వచ్చారు" అని కేకేసింది. ఆ రోజే అనుకున్నాను, నా కూతుర్ని ఓడవాడికి ఇచ్చేది లేదని.

ఇప్పుడు ఆయన తెచ్చిన సంబంధం అచ్చంగా ఓడ సంబంధమే. అబ్బాయి పేరు సత్యం. భీమిలివాడు, కట్నం మాటెత్తనివాడు. "ఇంటర్నేషనల్ షిప్పింగు కంపెనీనే, మాణిక్యం! ఇంజను మీద ఉద్యోగం!" అని ఆయన మురిసిపోయారు. కాకిపిల్ల కాకికి ముద్దు. రమణి మాత్రం నన్ను పక్కకి పిలిచి, "నువ్వు చూసి సరే అంటే నాకూ సరేనమ్మా. నాన్న మాట మాత్రం నమ్మకు" అంది. కాబట్టి నేను స్టీమరెక్కింది ఆ కుర్రాడికి ఏదో ఒక వంక పెట్టి రావడానికే. అబద్ధమెందుకు?

డెక్కు మీద

బొంబాయిలో ఎక్కాం, కరాచీ, మస్కట్ల మీదుగా దుబాయ్. మాది డెక్కు టిక్కెట్టు. డెక్కు మీద గదుల్లేవు, నంబర్లు లేవు. ఎవరి పరుపు చుట్ట ముందు విప్పుకుంటే ఆ జాగా వాళ్ళది. మా ఆయన, "నేను పాత ఓడమనిషిని, నాకు తెలుసు" అంటూ మంచి చోటు వెతకడానికి వెళ్ళారు. ఆయన తిరిగొచ్చేలోగా నేను మెట్ల పక్కన గాలి తగిలే చోట పరుపు పరిచి, రెండు చీరలతో తెర కట్టి, టిఫిను డబ్బా కూడా తెరిచాను.

ఓడ బయల్దేరిన కాసేపటికి మా ఆయన మొహం పాలిపోయింది. ఆ తరవాత జరిగింది రాయకూడదు గానీ రాస్తాను. వయసంతా ఓడల్లో గడిపిన మనిషి, చంటిపిల్లాడిలా నా ఒళ్ళో తల పెట్టుకుని బకెట్టు పట్టుకున్నారు. "ఇది సముద్రం తప్పు కాదే" అని మూలిగారు. "ఇది ఆవిరి ఇంజను కాదు. డీజిలు. దీన్ని స్టీమరనడం మహాపాపం."

మా పక్కన పరుపేసుకున్నాయన మల్లయ్య, జగిత్యాల వైపు మనిషి. దుబాయ్‌కి అవతలున్న రాస్ అల్ ఖైమాలో రాళ్ళ క్వారీలో పని. సెలవు అయిపోయి తిరిగి పోతున్నాడు.

"అక్కా, సారు షిప్పుల జేసిండన్నవు గదా? మరి గిట్లెందుకైతున్నది?" అని నన్నడిగాడు.

"కింద చేశారు బాబూ. పైకి రావడం ఇదే మొదలు" అన్నాను. ఊరికే వేళాకోళానికే అన్నాను.

సత్యం అనే తెలుగు కుర్రాడు ఓడ మీద ఇంజనీరుగా ఉన్నాడు, తెలుసా అని మల్లయ్యని ఆరా తీశాను. "పెద్ద పెద్ద ఓడలోళ్ళు మాకేడ ఎర్కుంటరక్కా?" అన్నాడు. నేనా మాట అడుగుతుంటే బకెట్టు మీదున్న మా ఆయన తలెత్తి చూసి, మళ్ళీ గబుక్కున దించేసుకున్నారు.

కాస్త తేరుకున్నాక ఆయన కటకటాల దగ్గర నిలబడి, ఎదురొచ్చే ఓడలన్నిటికీ జాతకం చెప్పడం మొదలుపెట్టారు. కంపెనీల పేర్లు ఆయన నోట రావు, పొగగొట్టాల రంగులే. "అదిగో ఎర్ర గీత కంపెనీ. జీతం బాగుంటుంది, పప్పు నీళ్ళు. అది నల్ల గొట్టం వాళ్ళది. దొర మంచివాడు, బొగ్గు చెడ్డది." ఏ కంపెనీ ఏ దేశానిదో అడిగితే తెలీదు. ఏ కంపెనీ ఏ రోజు మాంసం పెడుతుందో మాత్రం కంఠతా వచ్చు.

దుబాయ్ రేవు

కస్టమ్స్ బల్ల దగ్గర తెల్లటి యూనిఫాం వేసుకున్న కుర్రాడు మా డబ్బా మూత తీసి, ఇదేమిటని సైగ చేశాడు. కాకినాడ గొట్టం కాజా. దాన్ని ఎలా తినాలో మా ఊళ్ళో పసిపిల్లలక్కూడా తెలుసు: ముందు కొస కొరికి, లోపలి పాకం పీల్చాలి. ఆ మాట నాకు అరబ్బీలో రాదు. కళ్ళతో చెప్పబోయాను. ఈలోగా అతను మధ్యలో కటుక్కున కొరికాడు. పాకం చొక్కా మీదా, పక్కనున్న పెద్దాయన గడ్డం మీదా చిమ్మింది. పెద్దాయన గడ్డం తుడుచుకుని, వేలు నాకి, ఇంకోటి తీసుకున్నాడు. తరవాత "యల్లా, యల్లా" అని మమ్మల్ని పంపించేశారు. డబ్బా సగానికి తగ్గింది, మిగతా సామాను ఎవరూ ముట్టుకోలేదు.

గేటు దాటాక మా ఆయన కుడివైపు చూశారు, ఎడంవైపు చూశారు. "దుబాయ్ నాకు కొట్టినపిండి" అని బొంబాయి నుంచి చెబుతున్న మనిషి.

"ఎటండీ?" అన్నాను.

"మా రోజుల్లో ఓడ నీళ్ళలోనే ఆగేది మాణిక్యం. మేం దిగేవాళ్ళం కాదు. ఊరు ఇటువైపు ఉంటుందని అనుకునేవాళ్ళం" అన్నారు.

నాకు కోపం రావాలి గానీ నవ్వొచ్చింది. అన్ని రేవులు చూసొచ్చానని మా వీధిలో ఎంత కథ చెప్పారీయన! ఆయన చూసింది రేవుల పేర్లు. అంతే.

దేరాలో

మా వీసా కాగితాలు చూసుకుని, మాకు ఇంట్లో చోటిచ్చింది మస్తాన్. నెల్లూరాయన. ఒకప్పుడు మా ఆయనతో ఒకే ఓడలో డెక్కు మీద తాళ్ళ పని చేసి, తరవాత దుబాయ్ రేవులో వాచ్‌మన్‌గా కుదిరాడు. భార్య జైతూన్ బీ దుబాయ్‌లోనే దేరా అనే పేటలో దర్జీ పని చేస్తుంది. నేనెప్పుడూ మస్తాన్‌ని చూడలేదు. అయినా ఆయన నన్ను చూడగానే, "వదినా! ఆ చిలకపచ్చ చీర ఇంకా ఉండాదా?" అన్నాడు. మా ఆయనకి టీ పొలమారింది.

"నా చీర సంగతి మీకెలా తెలుసన్నయ్యా?" అన్నాను.

"అన్న చెప్పినాడులే వదినా" అని మస్తాన్ అటు తిరిగిపోయాడు.

దేరాలో నాకు నచ్చిన ఆచారం ఒకటుంది. ఆడమనిషి కనిపిస్తే వరస లేదు. రొట్టెల కొట్టు దగ్గర మగాళ్ళు బారులు తీరి నిలబడితే, నన్ను చూసి పక్కకి తప్పుకుని దారిచ్చారు. మా ఊళ్ళో కిరసనాయిలు క్యూలో నా జడ మీద నిలబడతారు. మొదటి రోజు సిగ్గుపడ్డాను. రెండో రోజుకి, వెనకున్న మన తెలుగు కుర్రాళ్ళందరి రొట్టెలూ నేనే ముందుకెళ్ళి తెచ్చిపెట్టాను. మూడో రోజు కొట్టువాడు నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి, "ఖలాస్, మామా, ఖలాస్!" అని మొత్తుకున్నాడు. అక్కడ మామా అంటే అమ్మట.

ఊరి మధ్య నుంచి వెళ్ళే సముద్రపు పాయని చిన్న మోటారు పడవల్లో దాటుతారు. మనిషికి పాతిక ఫిల్సు, అంటే దిర్హంలో నాలుగో వంతు. గట్టు పొడుగూతా చెక్క ఓడలు, వాటిలో రిఫ్రిజిరేటర్లు, మేకలు, టైర్లు. జెబెల్ అలీ దగ్గర ఇంతకంటే పెద్ద రేవు తవ్వుతున్నారని మస్తాన్ చెప్పాడు. "ఇన్ని రేవులు కడితే ఓడవాళ్ళ పెళ్ళాలు ఎన్నిచోట్లని ఎదురు చూడాలన్నయ్యా?" అన్నాను. మా ఆయన పడవ ఇంజను వైపు తిరిగి, శ్రద్ధగా దాన్నే చూశారు.

కంపెనీ ఆఫీసు

సత్యానికి మేం పై వారం ఓడలో వస్తామని రాశాం. కావాలనే అలా రాయించాను. చెప్పి వెళ్తే ఎవడైనా గుణవంతుడే. ముందుగా వచ్చి ఆరా తీస్తేనే అసలు రంగు బయటపడుతుంది. అందుకని మా ఆయన చెప్పిన షిప్పింగు కంపెనీ ఆఫీసు పాయ ఒడ్డునుంటే, అక్కడికి వెళ్ళాను. "వద్దే, బాగోదు" అంటూ మా ఆయన వెనకే వచ్చారు.

ఏసీ చల్లదనానికి నా పళ్ళు టకటకలాడాయి. గోడ నిండా ఓడల ఫోటోలు. గుమాస్తా హైదరాబాదు సాయిబు. మర్యాదస్తుడు, కుర్చీ వేయించి టీ తెప్పించాడు. మేనల్లుడని వరస కలిపేసి, ఫలానా సత్యం మీ ఓడల మీద ఉన్నాడు, ఎలా ఉన్నాడో కనుక్కుందామని వచ్చానన్నాను. ఆయన లోపలికి వెళ్ళి వచ్చాడు.

"మాఫ్ కర్నా అమ్మా. మా జహాజులన్నీ చూసిన. ఈ పేరు ఏ జహాజ్ మీదా లేదు."

నా సంతోషం ఏం చెప్పను! మొహంలో విచారం పెట్టుకుని బయటికొచ్చాను గానీ లోపల పండగే. ఉద్యోగమే లేనివాడు! వంక వెతకాల్సిన పని కూడా లేకుండా పోయింది.

"ఏమండీ, విన్నారుగా?" అన్నాను మెట్లమీద.

మా ఆయన చెమటలు కక్కుతున్నారు. "రాస్ అల్ ఖైమాలో ఇంకో ఆఫీసు ఉందే. అక్కడ అడుగుదాం" అన్నారు. నేలచూపులు చూస్తూ అన్నారు.

రాస్ అల్ ఖైమా

టాక్సీ పఠాన్‌ది. మాతోపాటు ఇద్దరు కూలీలు, ఒక కోడిపుంజుల బుట్ట. దారంతా ఒకవైపు ఇసుక, ఒకవైపు సముద్రం. ఒంటెలు మన గేదెల్లాగే రోడ్డు మధ్య నిలబడి ఆలోచిస్తాయి. పఠాన్ హారన్ మోగిస్తే అవి అతన్ని చులకనగా చూశాయి. ఊరు దగ్గరపడేసరికి కొండలొచ్చాయి. చెట్టూ పుట్టా లేని కొండలు. వాటిని పగలగొట్టి, ఆ రాయిని ఓడల్లోకి ఎక్కించి పంపుతారు.

క్వారీ దగ్గర టీ బంకులో మల్లయ్య కనిపించాడు, ఒంటినిండా తెల్లటి దుమ్ముతో. "అక్కా, వచ్చినవా!" అని బల్ల తుడిచి కూర్చోబెట్టాడు. మళ్ళీ సత్యం పేరెత్తాను. ఈసారి భీమిలి కుర్రాడని కూడా చెప్పాను. మల్లయ్య మొహం విప్పారింది.

"గా సత్యమా? ముందే చెప్పద్దా? ఆయిన షిప్పోడు గాదక్కా, టగ్గోడు! నిన్ననే నాకు చేపల పులుసు పెట్టిండు. రోజూ పొద్దుగూకకముందే ఇంటికొచ్చి పొయ్యి ముట్టిస్తడు."

"టగ్గంటే?"

"షిప్పులను గుంజుకొచ్చే చిన్న పడవ అక్కా. గీ రేవులనే తిరుగుతది. రేవు గోడ దాటి ఏడికీ పోదు."

నేను మెల్లగా మా ఆయన వైపు తిరిగాను. ఆయన టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు.

"ఏమండీ. రోజూ ఇంటికొస్తాడా?"

"వస్తాడు."

"సముద్రం దాటడా?"

"దాటడు." గొంతు తగ్గించారు. "ఎలా చెప్పనే? నేను మహాసముద్రాలు దాటిన ఓడలు నడిపినవాణ్ణి. నా అల్లుడు డీజిలు టగ్గు మీద పనిచేస్తాడని జగన్నాథపురంలో ఎలా చెప్పుకోను? నామోషీ వేసింది. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు. నేనాడింది ఒక్కటే."

"చెయ్యడానికి ఆడమన్నారు. మీరాడింది చెడగొట్టడానికి! ఈ ముక్క మొదటిరోజే చెప్పుంటే, కాకినాడలోనే తాంబూలాలు పుచ్చుకునేదాన్ని కదయ్యా!"

మల్లయ్యకి ఏమీ అర్థం కాలేదు. ఇంకో టీ తెప్పించాడు.

టగ్గు మీద

సత్యం మమ్మల్ని రేవు గట్టు మీద చూసి, నూనె చేతులు వెనక దాచుకుని నిలబడిపోయాడు. పై వారం వస్తారనుకున్నవాళ్ళు ఎదురుగా ఉంటే ఎవరైనా అంతే. నల్లటి కుర్రాడు, నవ్వితే బాగుంటాడు. రమణి ఫోటో చొక్కా జేబులో ఉంది. నూనె అంటకుండా ప్లాస్టిక్ కాగితంలో చుట్టి పెట్టుకున్నాడు. అది చూసి నేను సగం కరిగాను. పైకి మాత్రం కనపడనివ్వలేదు.

"చిన్న ఉద్యోగమేనండి అత్తయ్యగారూ" అన్నాడు తల దించుకుని. "మావయ్యగారిలా దేశాలు తిరిగేది కాదు. చెప్పుకోడానికేం ఉండదు."

"అది సరే నాయనా. పెళ్ళైతే పిల్లెక్కడుంటుంది?"

"నా దగ్గరేనండి. ఆడమనిషి వస్తే రెండు గదుల ఇల్లిస్తానని ముదీర్, అదేనండి మా మేనేజరు, అన్నాడు. ఆ సంగతి మావయ్యగారికి అప్పుడే రాశానే!"

మావయ్యగారు తాళ్ళ చుట్ట మీద కూర్చుని ఆకాశంలోకి చూస్తున్నారు.

"మరి రాత్రి భోజనం?"

"ఇంట్లోనేనండి. ఓడ ఆలస్యంగా వస్తే కాస్త చల్లారుతుందంతే."

చల్లారిన అన్నం వేడి చేసుకోవచ్చు. "మా అమ్మాయికి నేను సరే అని చెబుతాను" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు నాకే ఆశ్చర్యమేసింది. సత్యం నమస్కారం పెట్టబోయి, నూనె చేతులు గుర్తొచ్చి ఆగిపోయి, చివరికి మోచేతులతో పెట్టాడు.

రాళ్ళెక్కించుకున్న ఓడ ఒకటి బయల్దేరబోతోంది. దాన్ని బయటికి లాగేటప్పుడు చూద్దురుగాని రమ్మని మమ్మల్ని టగ్గెక్కించాడు. తాడు విప్పే వేళకి గబగబా కిందకి దిగిపోతున్నాడు.

"ఉండు బాబూ, బయల్దేరేటప్పుడే కదా చూడాల్సింది! పైన నిలబడవా?" అన్నాను.

"ఇంజనువాళ్ళం అప్పుడు కిందే ఉండాలండి. ఏ ఓడైనా అంతే. కట్టేటప్పుడూ విప్పేటప్పుడూ పైన ఉండం. మావయ్యగారికి తెలియందేముంది?" అని మెట్లు దిగిపోయాడు.

విశాఖ రేవులో, రమణిని చంకన వేసుకుని, ఓడ బయల్దేరిన ప్రతిసారీ నేను గట్టు మీద నిలబడి చెయ్యి ఊపేదాన్ని. ఓడ డెక్కు మీంచి ఒక మనిషి ఎర్ర తువ్వాలు ఊపేవాడు. ఆ తువ్వాలు కనపడకుండా పోయేదాకా ఊపి, బస్సెక్కి ఏడ్చేదాన్ని. నెలల తరవాత ఓడ దిగి ఇంటికొచ్చాక ఈయన, "ఆ రోజు చిలకపచ్చ చీరలో ఎంత బాగున్నావే" అనేవారు.

"ఏమండీ. ఇన్నేళ్ళూ నాకు తువ్వాలు ఊపింది ఎవరు?"

మా ఆయన తప్పించుకోవడానికి చుట్టూ చూశారు. టగ్గు మీద ఎక్కడికి పోతారు?

"మస్తాను" అన్నారు.

మళ్ళీ దేరా

ఆ కోపం దుబాయ్ దాకా చల్లారలేదు. మస్తాన్ ఇంట్లో చెప్పులు విప్పకుండానే అడిగాను. "అన్నయ్యా, నేను ఇన్నేళ్ళూ మీకా చెయ్యి ఊపింది?"

జైతూన్ బీ కుట్టు మిషను ఆపేసింది. ఆమెకీ ఇది కొత్త కబురే.

"ఏం చేసేది వదినా?" అన్నాడు మస్తాన్. "అన్న కిందకి పోతా పోతా, ఒరే నా తరఫున నువ్వూపురా అని తువ్వాలు ఇచ్చేవాడు. ఓడ బైట పడినాక నేను కిందకి పోవాల. ఆ వేడిలో, నూనెలో నిలబడుకోని అడిగేవాడు. ఏం చీర కట్టింది? బిడ్డ నిలబడిందా, ఎత్తుకోనుందా? నవ్విందా, ఏడ్చిందా?"

"మీరేం చెప్పేవారు?"

"నవ్విందనే చెప్పేవాణ్ణి వదినా. ప్రతిసారీ."

పిల్లికి ఎలుక సాక్ష్యం అని దెబ్బలాడ్డానికి నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. మా ఆయన నా పక్కన కూర్చుని, ఏం చెయ్యాలో తెలీక, నా భుజం మీద తట్టబోయి జైతూన్ బీని చూసి ఆగిపోయారు. ఆవిడే లేచి, నన్ను తట్టి, మగాళ్ళిద్దర్నీ బయటికి పొమ్మంది. రాత్రి భోజనానికి వాళ్ళిద్దరికీ చల్లారిన కూర పెట్టాం.

తిరుగు ఓడ

మమ్మల్ని ఎక్కించడానికి సత్యం ఒకరోజు సెలవు పెట్టి దుబాయ్ రేవుకి వచ్చాడు. రమణికని ఒక గడియారం ఇచ్చాడు. నచ్చకపోతే మార్చే కొట్టు పేరు కూడా చెప్పాడు. నాకు ఆ రెండోది ఎక్కువ నచ్చింది. గట్టు మీద అతనూ మస్తానూ పక్కపక్కన నిలబడ్డారు.

లోపల ఎక్కడో గంట మోగింది. మా ఆయన ఉలిక్కిపడి, కటకటాలు వదిలి మెట్ల వైపు రెండడుగులు వేశారు. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను.

"ఎక్కడికి? ఈసారి టిక్కెట్టు కొన్నాం. పైనే ఉండండి."

నిలబడ్డారు. తాళ్ళు విప్పారు. గట్టుకీ మాకూ మధ్య నీళ్ళు కనిపించాయి, సన్నగా, తరవాత వెడల్పుగా. సత్యం చెయ్యెత్తాడు. మా ఆయన చెయ్యెత్తలేదు. కటకటాలు గట్టిగా పట్టుకుని చూస్తున్నారు. ఈసారి వాంతి వల్ల కాదు.

"మాణిక్యం," అన్నారు ఓడ కాస్త దూరం వెళ్ళాక, "ఒడ్డున ఉన్న మనిషి ఇంత చిన్నగా అయిపోతాడా?"

"ఏమోనండీ. నాకు ఎప్పుడూ ఓడే చిన్నదయ్యేది."

ఆయన కళ్ళనిండా నీళ్ళు. ఆ నీళ్ళు ఎవరి దగ్గరా దాచుకోలేదు.

"మన పిల్లకి ఈ రెండూ తెలియకూడదే" అన్నారు.

"తెలియవు" అన్నాను.